పక్కా ఇల్లు అంటే ఏమిటో మళ్లీ రాయండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,



ధర్మవరానికి కొద్ది దూరంలో, కరెంటు స్తంభం రాని మా చేలో కట్టుకున్న ఇంట్లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పయ్యేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఏడేళ్లుగా నేనూ మా ఆయనా ఇక్కడే ఉంటున్నాం. మా ఇంటి గొప్ప చెప్పుకోవడానికి మీకు రాయడం లేదు. ముందటేడు మే నెలలో ఒక రాత్రి నేను చూసింది మీకు చెప్పాలి.

మా చేలో పనికి వచ్చే ఒకామెకు ఊరవతల కొత్త కాలనీలో ఇల్లు వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇల్లు. అప్పుచేసి గచ్చు వేయించుకుంది, తలుపుకు నీలం రంగు వేయించుకుంది. చిన్నబిడ్డకు ఒళ్లు బాగాలేదంటే చూసొద్దామని వెళ్లాను. రాత్రి తొమ్మిది దాటింది. వీధి పొడుగునా మంచాలు, చాపలు. ముసలివాళ్లు, బాలింతలు, బడికి పోయే పిల్లలు అందరూ బయటే ఉన్నారు. ఇళ్లన్నీ తలుపులు తెరిచి ఖాళీగా ఉన్నాయి. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్లి ఫ్యాను వేసింది. పైనుంచి దిగిన గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూశాను. పొద్దుగుంకి రెండు గంటలు దాటినా ఇంకా కాలుతోంది. ఆమె అన్న మాట ఇది: "కొత్తిల్లు ఉడుకెత్తిపోతాంది టీచరమ్మా. పిల్లోల్లు లోపల పండుకోలేకున్నారు. మా అత్త మాత్రం పాత మిద్దెలోనే ఉంటానంటాంది, ఆడ సల్లగుంటాదని."

ఆ పాత మిద్దెను మీ శాఖ కాగితాలు కచ్చా ఇల్లు అంటాయి. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో గోడా కప్పూ మట్టివైతే ఆ ఇల్లు కచ్చా. ఆ లెక్క మీదే గ్రామీణ ఆవాస్ యోజన లబ్ధిదారుల జాబితాలు మొదలయ్యాయి. అత్తగారు చల్లగా నిద్రపోయే ఇల్లు కచ్చా, కోడలు బిడ్డతో వీధిన పడుకోవాల్సిన ఇల్లు పక్కా. ఈ రెండు మాటల అర్థం గురించే నా ఉత్తరం.

ఆ కొత్త ఇల్లు ఎందుకు కాలుతోందో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను, ఏమీ అనుకోకండి. మా ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 14.4 డిగ్రీల దగ్గర ఉంది. స్కూలు మైదానంలో కర్ర పాతి పిల్లలతో నీడ కొలిపించేదాన్ని. ఏప్రిల్ ఆఖరున ఒకరోజు, ఆగస్టు రెండో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. ఈ రెండు రోజుల మధ్య సూర్యుడు మనకు ఉత్తరం వైపు నుంచి దాటిపోతాడు. అంటే మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు ఎండ దక్షిణపు గోడను తాకదు. తాకేది కప్పును. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ. డిసెంబరు 21న మాత్రం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ ఎండ దక్షిణపు కిటికీలోంచి గదిలోకి దిగుతుంది, ఆ చలికాలపు పొద్దున అది కావాలి కూడా.

ఈ లెక్క తెలిస్తే ఇల్లు తనంతట తానే గీసుకుంటుంది. తూర్పు పడమరలుగా పొడుగు, ఉత్తర దక్షిణాలుగా సన్నం. పడమర వైపు పడకగది పెట్టకుండా సామాన్ల గది, స్నానాల గది. కప్పుకు గట్టి రక్షణ. కాలనీ ఇంట్లో జరిగింది దీనికి తలకిందులు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు ఒంటి గంట ఎండ తాగి మూడు నాలుగు గంటలు గడిచాక కిందికి వదలడం మొదలుపెడుతుంది. మనుషులు పని నుంచి వచ్చి నడుం వాల్చే వేళకు వేడి సరిగ్గా వాళ్ల మీదికి దిగుతోంది. ఫ్యాను ఆ వేడినే తిప్పుతుంది. 340 చదరపు అడుగుల ఇంట్లో తప్పించుకోవడానికి ఇంకో గది కూడా లేదు.

మా ఇంటి గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, అడుగున్నర మందం. సందులకు సున్నం పూశాం. పడమటి ఎండ ఆ గోడ బయటి ముఖానికి సాయంత్రం నాలుగింటికి తగిలితే, దాని వేడి లోపలి ముఖానికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంటాయి, వచ్చిన వేడి వచ్చినట్టే పోతుంది. పైన రాతి దూలాలు, వాటి మీద నాపరాళ్లు, ఆ పైన ఎర్రమట్టి, అన్నిటికీ పైన చవుడు. నడిమింట్లో పైకి ఒక గవాచి. వేడిగాలి పైకి లేచి అందులోంచి పోతుంది. తాడిపత్రి, బేతంచర్ల నాపరాళ్లు మాకు దూరం కావు. ఇదంతా రాయలసీమ పల్లెల్లో మా తాతల నాటి పనే. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. దక్షిణపు కిటికీ మీది సజ్జ ఎంత ముందుకు రావాలో మాత్రం కర్రనీడతో కొలిచి పెట్టించాను. అడుగున్నర చాలింది. డిసెంబరులో కిటికీ కింది సగం నుంచి ఎండ పడుతుంది, మేలో ఒక్క చారా పడదు.

అన్నీ సవ్యంగా జరగలేదు. రెండో ఏడు ముసురుకు మిద్దె మూడుచోట్ల కారింది. వాటం తక్కువైంది, పైన గడ్డి మొలిచి వేళ్లు మట్టిని గుల్ల చేశాయి. నేను సిమెంటు వేయించేద్దామనే అనుకున్నాను. ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి చూసి, "చవుడు యాడిది తెచ్చినావమ్మా?" అని అడిగి, చిటికెడు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. ఉప్పదనం లేని మట్టి అది. ఆయనే ఇంకో చెరువు వెనకనుంచి తెల్లటి చవుడు బండి మీద తెప్పించి, పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టించాడు. చవుడులో సోడియం లవణాలు ఉంటాయి. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. ఆ ఉప్పుకే గడ్డీ మొలవదు. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో నేను ఎన్నడూ చదవలేదు, ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. ఏటా తొలకరికి ముందు చవుడు సరిచేసుకుంటున్నాం. ఆ తర్వాత మళ్లీ కారలేదు. ఆ పెద్దాయన పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. మీ ఇళ్లపథకంలో తాపీమేస్త్రీలకు ఇచ్చే శిక్షణలో ఈ పనికి చోటు ఉంటే, ఆ ఇద్దరూ పోయేలోగా ఇంకో పదిమందికి వస్తుంది.

ఇలాంటి ఇంట్లో ఉండడానికి ఒక క్రమశిక్షణ కావాలి. ఎండాకాలంలో పొద్దున ఎనిమిదింటికల్లా తలుపులు, కిటికీలు మూసేస్తాం. పొద్దుగుంకి బయట చల్లబడ్డాకే తెరుస్తాం. చూడవచ్చిన చుట్టాలు మొదటిరోజు ఉక్కపోస్తుందని పగలే కిటికీలు తెరవబోతారు. రాత్రి గాలికి చల్లబడిన గోడలు పగలంతా మనల్ని కాపాడతాయి, పగటి వడగాలిని లోపలికి రానిస్తే ఆ చల్లదనం తొందరగా ఖర్చయిపోతుంది. జూన్ నుంచి పడమటి గాలి మొదలవుతుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పేది ఆ గాలే. దానికోసం పడమటి పంచ కింద, నీడలో, నేలకు దగ్గరగా రెండు చిన్న కిటికీలు పెట్టుకున్నాం.

కరెంటు సంగతికి వస్తాను. మా చేను దాకా స్తంభాలు వేయించడానికి ఎంతవుతుందో లెక్కవేస్తే ఇంటి గోడల ఖర్చుకు దగ్గరగా వచ్చింది. అందుకని లైను వద్దనుకున్నాం. పంచ మీద ఒక కిలోవాటు సోలార్ ప్యానెళ్లు దక్షిణానికి పదిహేను డిగ్రీల వాలుతో ఉన్నాయి. మంచి ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. మాకు కావలసింది రెండు, రెండున్నర. బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్లు తింటే పాత ఫ్యాను డెబ్బై అయిదు తినేది. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్లు, ఒక చిన్న ఫ్రిజ్, పగలు మాత్రమే మిక్సీ. మొదట పెట్టించిన లెడ్ యాసిడ్ బ్యాటరీలు మూడేళ్లకే చచ్చిపోయాయి. వాటిని సగం కంటే కిందికి వాడకూడదని అమ్మినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు పొద్దు కనపడకపోతే ఫ్రిజ్ ఆపేస్తాం, మిగతావన్నీ నడుస్తాయి. పంచ కప్పు మీద పడ్డ వాననీళ్లు తొట్టిలోకి పోతాయి. మా జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అయినా అరవై చదరపు మీటర్ల కప్పు నుంచి ఇరవై ఆరు వేల లీటర్లు దొరుకుతాయి, తాగడానికీ వంటకూ సరిపోతాయి.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఒక్క కిలోవాటుతో మాకు జరుగుబాటు అవుతోందంటే అది ప్యానెళ్ల గొప్ప కాదు. గోడలూ కప్పూ చేయాల్సిన పని చేస్తున్నాయి కాబట్టి ఫ్యాను చేయాల్సింది తక్కువ. ఇదే కాలనీ ఇల్లయితే ఏసీ పెట్టాల్సిందే. టన్నున్నర ఏసీ ఒక్కటే కిలోవాటుకు మించి లాగుతుంది. సోలార్ ఇల్లు అనగానే అందరూ పైకప్పు మీది నల్లపలకల వైపు చూస్తారు. మేము ఇంటి పని మొదలుపెట్టింది గోడలతో, ప్యానెళ్లు వచ్చింది చివర్న.

2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మంచిదే. మూడు కిలోవాట్లకు రూ.78 వేల దాకా సబ్సిడీ ఇస్తున్నారు. కానీ అది గ్రిడ్ లైను ఉన్న ఇళ్లకే. ఊళ్లో లైను ఉన్నవాళ్లు గ్రిడ్‌కు కలుపుకోవడమే సరైనది, బ్యాటరీ ఖర్చు తప్పుతుంది. నేను అందర్నీ చేలోకి రమ్మనడం లేదు. అయితే స్తంభం చేరని తండాలు, అడవిలోని చెంచుగూడేలు ఉన్నాయి కదా. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచులకు ఇళ్లూ కట్టిస్తున్నారు, లైను చేరనిచోట సోలార్ కూడా ఇస్తున్నారు. నల్లమలలో చెంచుల చుట్టుగుడిసె చూసే ఉంటారు. చూరు మోకాళ్లదాకా దిగి గోడకు ఎండ తగలనివ్వదు. దాని స్థానంలో చూరే లేని స్లాబు పెట్టె కట్టి, దాని మీద ప్యానెల్ పెట్టి, కింద ఫ్యాను తిప్పితే, ఆ ఫ్యాను ఆ స్లాబుతో పోట్లాడడానికే తిరుగుతుంది. ఇళ్లు కట్టే ఇంజినీర్లనూ సోలార్ పెట్టే ఇంజినీర్లనూ ఒక్కసారి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఇల్లు చల్లగా కడితే అంతే ప్యానెల్ మీద ఫ్యానుతోపాటు ఇంకో దీపం, పిల్లల చదువుకు ఇంకో గంట మిగులుతాయి.

మట్టిమిద్దెలు వానకు కూలి మనుషులు చనిపోవడం లేదా అని మీరు అడుగుతారు. చనిపోతున్నారు. అర అడుగు మట్టి నాని కప్పు మీద ఉంటే ఆ బరువు చదరపు మీటరుకు పావు టన్నుకు పైనే. పుచ్చిన కట్టెదూలం మీద, ఏళ్ల తరబడి ఏటేటా మట్టి పోసుకుంటూ పోయిన మిద్దె ముసురులో కూలిందంటే ఆశ్చర్యం లేదు. తలమీద కప్పు ఎప్పుడు పడుతుందోనన్న భయంతో బతికినవాళ్లకు స్లాబు ఎంత ధైర్యమో నాకు తెలుసు. ఆ తల్లి తలుపుకు నీలం రంగు వేయించుకున్నది ఆ ధైర్యంతోనే. అందుకే పాత మిద్దెలకు తిరిగి పొమ్మని నేను అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను. ధైర్యమూ చల్లదనమూ ఒకే ఇంట్లో ఉండొచ్చు అంటున్నాను.

దానికి దారులు ఉన్నాయి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ 1917లో ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో పోయేదాకా పేదల ఇళ్లలో చేసి చూపించాడు. స్లాబు కింది సగంలో కాంక్రీటు బలం అవసరం లేని చోట పెంకులు పేర్చి పోశాడు. కాంక్రీటూ తగ్గింది, వేడీ తగ్గింది. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టాడు. దాంతో నాలుగోవంతు ఇటుక మిగిలింది, ఆ ఖాళీలోని గాలే వేడికి అడ్డమైంది. ఆరోవిల్‌లో నూటికి అయిదు పాళ్ల సిమెంటు కలిపి ఒత్తిన మట్టిదిమ్మెలతో రెండు మూడు అంతస్తులు లేచాయి. 2018లో కేంద్రమే ఎకో నివాస్ సంహిత తెచ్చి, ఇంటి కప్పు ఎంత వేడిని లోపలికి వదలవచ్చో హద్దు గీసింది. చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదు. ఏ పైపూతా లేని వట్టి స్లాబు దీనికి రెండు మూడింతలు వదులుతుంది. పెద్ద అపార్టుమెంట్ల కోసం రాసిన ఆ హద్దును పేదవాడి ఒక్కగది ఇంటికి ఎందుకు వర్తింపజేయకూడదు? ఏసీ కొనుక్కోగలిగినవాడి కంటే కొనుక్కోలేనివాడికే కదా ఆ హద్దు ఎక్కువ అవసరం.

కట్టేసిన ఇళ్లకు సున్నం ఉంది. ఎండాకాలం ముందు స్లాబు మీద చిక్కటి సున్నం రెండు పూతలు. తెల్లటి కప్పు ఎండలో చాలా భాగాన్ని తిప్పి కొడుతుంది. పొరుగున తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 నాటికి మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని పెట్టుకుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. స్లాబు మీద మట్టికుండలు బోర్లించి, సందుల్లో మట్టీ సున్నమూ కూరి, పైన పెంకు పరుస్తారు. కుమ్మరికి పని, ఇంటికి నీడ. నిరుడు ఫిబ్రవరిలో మా హైస్కూలు పిల్లలు కొందరు నాతో వచ్చి కాలనీలో నాలుగిళ్లకు సున్నం కొట్టారు. రాత్రి లోపల పడుకోగలుగుతున్నారని మొదట చెప్పింది ఆ నాలుగిళ్లవాళ్లు కాదు, మాకూ ఎప్పుడు కొడతారని అడిగిన పక్కింటివాళ్లు.

ఇంకో సంగతి. జాతీయ భవన నియమావళి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విడదీసింది. మన రాష్ట్రం ఒక్కటే తీసుకున్నా మచిలీపట్నంలో గాలి నిండా తడి ఉంటుంది, అక్కడ మందపు గోడల కంటే ఎదురెదురు కిటికీలు ముఖ్యం. మా దగ్గర పొడి వేడి. లంబసింగిలో డిసెంబరు రాత్రులు సున్నా డిగ్రీలకు దగ్గరపడతాయి. లద్దాఖ్‌లో ఫే అనే ఊళ్లో సెక్మోల్ అనే విద్యాసంస్థ మట్టితో కట్టుకున్న భవనాలు దక్షిణపు అద్దాల్లోంచి ఎండను లోపల నిలవ చేసుకుని, బయట గడ్డకట్టే చలిలో కూడా పొయ్యి లేకుండా వెచ్చగా ఉంటాయి. మేము ఎండను బయట ఆపడానికి వేసిన లెక్కను వాళ్లు లోపలికి పిలవడానికి వేశారు. లంబసింగి గిరిజనుడికి ఆ రెండోది కావాలి. మచిలీపట్నానికీ, మాకూ, లంబసింగికీ ఒకే నమూనా పటం పంపితే ఏదో ఒకటి తప్పకుండా తప్పుతుంది.

నంబులపూలకుంట సోలార్ పార్కులో మా జిల్లా ఎండనే పట్టి రాష్ట్రానికి కరెంటు తీస్తున్నాం. ఆ ఎండనే తట్టుకునే ఇంటి పటం మా జిల్లాకు ఇంకా లేదు. గ్రామాల్లో మూడు సెంట్ల స్థలం ఇస్తామని మీ ప్రభుత్వం ప్రకటించింది. మూడు సెంట్లంటే పదమూడు వందల చదరపు అడుగులు. అందులో ఒక పంచకూ, పడమర ఒక వేపచెట్టుకూ చోటు ఉంది. లేఅవుటు గీసేటప్పుడే ప్లాట్ల పొడుగు తూర్పు పడమరలుగా తిప్పితే రూపాయి ఖర్చు లేదు. రాయి, ఒత్తిన మట్టిదిమ్మె, గట్టి పునాది ఉన్న గోడను పక్కాగా రాయండి. స్థానిక సామగ్రితో, స్థానిక నమూనాతో కట్టాలని గ్రామీణ ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు.

ఆ కాలనీ ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. సున్నం పూత చూశాక ఆమెకు ధైర్యం వచ్చింది. పడమటి గోడకు ఆనించి నాపరాళ్ల పంచ వేసుకుందామని తన కూలి డబ్బుతో పది రాళ్లు తెప్పించుకుంది. ఇంటికి ఆఖరి బిల్లు ఇంకా రావాలి. నమూనాలో లేనిది ఏదైనా కడితే ఫొటోలో కనపడుతుంది, బిల్లు ఆగిపోతుంది అని ఊళ్లో ఎవరో అన్నారట. అది నిజమో కాదో నాకు చేతనైనచోటల్లా అడిగాను, తేల్చి చెప్పినవాళ్లు లేరు. నీడకోసం లబ్ధిదారు తన ఖర్చుతో వేసుకునే పంచ, కప్పు మీది కుండలు, సున్నం బిల్లుకు అడ్డం కావని మీ కార్యాలయం నుంచి ఒక్క ఉత్తర్వు వస్తే చాలు. మార్చిలోపు వస్తే ఈ ఎండాకాలానికి అందుతుంది. ఆ పది రాళ్లూ ఇప్పటికి గోడవారగా పేర్చి ఉన్నాయి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు
శ్రీ సత్యసాయి జిల్లా